పట్నం బజారు, తాడ్వాయి లెక్క

మా ఊళ్లో చీరె ధర అంటే చీరె ధర ఒక్కటే కాదు. బస్సు కిరాయి, వెంట వచ్చినవాళ్ల టికెట్లు, బస్టాండు హోటల్లో చాయ, పూరి, ఆ రోజు పోయిన కూలి కలిపితేనే ధర. పట్నంలో, అంటే హైదరాబాద్‌లో, రెండు వందలు తక్కువకు దొరికిందని ఎవరైనా మురిసిపోతే, ‘పోయిరాను ఎంతైంది?’ అనే ప్రశ్న వెంటనే పడుతుంది. అందుకే ఏ తరం వాళ్లు ఎక్కడ బట్టలు కొన్నారో కనుక్కుంటే చాలు, అప్పట్లో మాకు ఏ తొవ్వ అందుబాటులో ఉండేదో తెలిసిపోతుంది.

తాడ్వాయి అనగానే చాలామందికి మేడారం జాతర గుర్తొస్తుంది. అది ములుగు జిల్లా తాడ్వాయి. మాది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద, లింగంపేటకు ముందు తగిలే ఊరు, శబరిమాత ఆశ్రమం ఉన్న ఊరు. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లా, అప్పటి నుంచి కామారెడ్డి జిల్లా.

ముసలివాళ్లు చెప్పే కాలంలో బట్ట కోసం మనిషి పోయేది తక్కువ, బట్టే మనిషి దగ్గరికి వచ్చేది. సాలోళ్లు గుంట మగ్గం మీద నేసిన ముతక చీరెలు, పంచెలు, కండువాలు చుట్టుపక్కల ఊళ్లలోనే దొరికేవి. మూట నెత్తిన పెట్టుకొని వాడ వాడ తిరిగే బేరగాళ్లు ఉండేవాళ్లు. వారం అంగట్లో తాను విప్పి గజం కర్రతో కొలిచి చింపి ఇచ్చేవాళ్లు. రంగు పోతుందా లేదా చూడడానికి కొంగు తడిపి, వేళ్ల మధ్య రుద్ది, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టేవాళ్లు.

కామారెడ్డిని పెద్ద బజారు చేసింది రైలు. 1900 ప్రాంతంలో హైదరాబాద్–మన్మాడ్ మార్గం పడ్డాక స్టేషను, గంజ్, దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి. కామారెడ్డి బెల్లానికి పేరు. చెరుకు వేసిన రైతు గానుగాడించి, గంజ్‌లో బెల్లం దించి, చేతిలో పైసలు పడగానే బట్టల దుకాణం మెట్లెక్కేవాడు. పైసలు పడకపోయినా ఎక్కేవాడు, ఎందుకంటే షావుకారి ఉద్దెర ఇచ్చేవాడు. తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టి, చాయ తెప్పించి, తాన్ల మీద తాన్లు పరిచే ఆ మర్యాదలో ఉద్దెర మిత్తి కూడా కలిసి ఉండేదని అందరికీ తెలుసు. అయినా పంట పంటకూ అదే దుకాణానికి పోయేవాళ్లు.

తర్వాత గల్ఫ్ కాలం. నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్లు సెలవుకు రాగానే పెట్టె విప్పడం వాడకంతా పండుగ. మెరిసే పాలిస్టర్ చీరె, బరువైన దుప్పటి, సెంటు సీసా. ఉతికితే ముడత పడని ఆ చీరె ముందు మగ్గం చీరె చిన్నబోయింది. కామారెడ్డి దుకాణాల్లో కూడా అలాంటి సరుకే కావాలని అడగడం మొదలైంది.

పెండ్లి కుదిరితే మాత్రం పట్నమే. పట్నంలో ఎక్కడ ఏది కొనాలన్నది మా ఆడవాళ్లు తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన విద్య, నేను విన్నదీ చూసిందీ రాస్తున్నాను. కామారెడ్డి బస్సులు సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో దించుతాయి గనుక దగ్గరి బజారు జనరల్ బజార్. డ్రెస్ ముక్కలు, లైనింగు, లేసులు, రోజువారీ చీరెలు అక్కడ మేలు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి మూసీ ఒడ్డున ఉన్న ఎంజీబీఎస్ బస్టాండు దాకా మెట్రో వచ్చాక సుల్తాన్ బజార్ చేతికందింది, ఇరవై నిమిషాలు కూడా పట్టదు. బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన ఈ బజారు 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చింది. పట్నం పిల్లలు ఏం తొడుక్కుంటున్నారో తెలియాలంటే షాపింగ్ మాల్ కంటే ఈ బజారు పక్కనే ఉన్న కోఠి, బడీ చౌడీ సందులే నయమని నా అభిప్రాయం. పట్నంలో నడుస్తున్న మోడలే అక్కడ సగం ధరకు కనిపిస్తుంది. కుట్టు మాత్రం తిరగేసి చూడాలి.

ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్ మీద మూసీ దాటితే మదీనా, పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్, చార్మినార్ వరసగా వస్తాయి. 1908 వరదల తర్వాత నగరాన్ని సరిదిద్దేటప్పుడు రాతి కమాన్లతో కట్టిన బజారు పత్తర్‌గట్టీ. పట్టుచీరెలు, షేర్వానీలు, అత్తరు అక్కడ. పటేల్ మార్కెట్ టోకు బజారు. ఒక్క చీరె అడిగితే ముఖం తిప్పుకుంటారు, కట్ట అడిగితే కుర్చీ వేస్తారు. బేగంబజార్‌కు గిన్నెలకు, ఎండు ద్రాక్షకు, పెండ్లి సామానుకు పోవాలి. బట్టలకని పోయి తిరగడం దండగ.

చార్మినార్ పడమటి దిక్కున లాడ్ బజార్. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక చిన్న దుకాణం ముందు నిలబడి చూశాను. బొగ్గుల పొయ్యి సెగకు లక్క మెత్తబడుతుంటే దాన్ని తాడులా సాగదీసి, వంచి, కొసలు కలుపుతున్నారు. పక్కన కూర్చున్నామె మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయినీ పుల్లతో తీసి అద్దుతోంది. చల్లారితే రాయి పట్టదు, ఎక్కువ వేడైతే గాజు వంకర పోతుంది. చేతికి బిగుతైతే మళ్లీ సెగ చూపించి కాస్త సాగదీసి ఇస్తారు, గాజు గాజులకు ఆ సౌకర్యం లేదు. సైజులు ఇప్పటికీ రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అనే అంటారు. అంగుళానికి పదహారు భాగాల లెక్క అది. రెండు ఆరు అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు. బజారులో అణాల రూపాయి పోయి తరాలైనా గాజుల దగ్గర పదహారు పోలేదు.

టూరిస్టు ముఖం కనిపిస్తే చెప్పే ధర వేరు, మా వాళ్లకు చెప్పే ధర వేరు. మొదటి దుకాణంలో కొనకుండా ధర మాత్రం విని, నాలుగో దుకాణంలో బేరం మొదలుపెట్టాలని మా పెద్దమ్మల నియమం. రంజాన్ చివరి రాత్రుల్లో ఆ బజారంతా తెల్లవార్లూ తెరిచే ఉంటుంది. ఊరికి తిరిగి వచ్చే బస్సు లెక్క చూసుకునే మాకు ఆ రాత్రులు అందవు.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ సున్నా అయింది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఎన్నో ఏళ్లుగా చీరె ధరలో కలుస్తున్న కిరాయి ఒక్కసారిగా పోయింది. పెండ్లికి తప్ప పట్నం చూడనివాళ్లు బతుకమ్మకు రైక ముక్క కోసం కూడా జనరల్ బజార్ పోతున్నారు. ముందు కిరాయి దండగని ఇంట్లో ఉంచిన ఆడపిల్లనే ఇప్పుడు బేరానికి ముందుంచుతున్నారు. మగవాళ్లకు మాత్రం టికెట్ ఉంది కాబట్టి చాలా ఇళ్లలో వాళ్లు ఇంటి దగ్గరే ఆగుతున్నారు. బేరానికి అదీ మంచిదేనని ఆడవాళ్ల మాట.

కామారెడ్డి దుకాణాలు మాత్రం మూతపడలేదు. దానికి కారణం పెట్టుబడి చీరెలు. పెండ్లికి చుట్టాలందరికీ పెట్టే ఆ చీరెలు ఎన్ని కావాలో ముందే ఎవరూ చెప్పలేరు. పిలిచినవాళ్లు రారు, పిలవనివాళ్లు వస్తారు, ఒడిబియ్యం నాటికి ఇంకో రెండు తక్కువవుతాయి. కామారెడ్డిలో తెలిసిన దుకాణంలో పది ఎక్కువ తెచ్చుకుంటారు, మిగిలినవి మడత విప్పకుండా తిరిగిచ్చి లెక్క సరిచేసుకుంటారు. పటేల్ మార్కెట్‌లో ఎంత తక్కువకు వచ్చినా, ఒకసారి గుమ్మం దాటిన చీరెను ఎవరు తిరిగి తీసుకుంటారు?