ఆపరేషన్ అయినా తగ్గని నడుం నొప్పి

డిస్క్ ఆపరేషన్‌కు గుర్తింపు వచ్చి ఇంకా నిండా వందేళ్లు కాలేదు. 1934లో బోస్టన్ వైద్యులు విలియం మిక్స్‌టర్, జోసెఫ్ బార్ ఒక వ్యాసం ప్రచురించారు. వెన్నుపూసల మధ్య డిస్క్ చిట్లి నరాన్ని నొక్కితే నొప్పి కాలిదాకా పాకుతుందని, ఆ ముక్క తీసేస్తే తగ్గుతుందని అందులో చూపించారు. అక్కడి నుంచి ఈ ఆపరేషన్లు జోరందుకున్నాయి. ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి వదలనివాళ్లూ పెరిగారు.

వాళ్లలో అందరికీ తెలిసిన మనిషి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ. 1944లో డిస్క్ ఆపరేషన్ చేయించుకున్నా ఆయనకు ఉపశమనం దొరకలేదు. 1954లో న్యూయార్క్‌లో వెన్నుపూసలను లోహపు ప్లేటుతో బిగించారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ సోకి ప్రాణం మీదికి వచ్చింది, పుండూ చీము పట్టింది. మరుసటి ఏడాది ఆ ప్లేటు తీసేశారు. 1957లో మళ్లీ చీము తీయాల్సి వచ్చింది. ఇలా నాలుగుసార్లు కోత పడినా నొప్పి పోలేదు. 1955 నుంచి డాక్టర్ జానెట్ ట్రావెల్ నడుం కండరాల్లో మత్తు ఇంజెక్షన్లు ఇచ్చారు, ఊగే కుర్చీలో కూర్చోమన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చిన ఉపశమనం నిలవలేదు. 1961లో హాన్స్ క్రాస్ అనే వైద్యుడు వచ్చి, బలహీనపడి బిగుసుకుపోయిన కండరాలకు వ్యాయామం మొదలుపెట్టించాడు. కెనడీకి ఎక్కువ మేలు చేసింది అదే. దేశాధ్యక్షుడికి సైతం ఈ సలహా నాలుగు ఆపరేషన్ల తర్వాత గానీ అందకపోవడం నన్ను బాధపెడుతుంది.

ఈలోగా నొప్పిని ఆపే మరో దారీ తెరుచుకుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు కొత్త సిద్ధాంతం చెప్పారు: నొప్పి సంకేతాలు మెదడుకు చేరకముందే వెన్నుపాములో వాటిని అడ్డుకోవచ్చని. రెండేళ్లకే అమెరికాలో నార్మన్ షీలీ అనే వైద్యుడు వెన్నుపాము దగ్గర ఎలక్ట్రోడ్ అమర్చి కరెంటుతో నొప్పిని అణచి చూశాడు. ఇప్పుడైతే సన్నని తీగలను వెన్ను లోపలికి పంపి, కొన్నాళ్లు పరీక్షించి, పనిచేస్తే బ్యాటరీని చర్మం కింద పెడతారు. ఈ పరికరమే స్టిమ్యులేటర్.

అసలు ఆపరేషన్లు ఎందుకు విఫలమవుతున్నాయి? 1981లో చార్లెస్ బర్టన్ బృందం చేసిన పరిశీలనలో సగానికి పైగా కేసుల్లో నరం బయటికొచ్చే దారి ఇరుకుగానే మిగిలిపోయిందని తేలింది. మళ్లీ డిస్క్ జారడం, నరాల చుట్టూ మచ్చ కట్టడం కూడా కారణాలే. కొందరికి వెన్నులో ఎక్కించిన నూనెలాంటి ఎక్స్‌రే మందు వల్ల నరాల పొరలు వాచి అతుక్కుపోయాయి. కారణం వేరైతే మందూ వేరు కావాలి. అయినా ఒకే ఆపరేషన్‌ను మళ్లీ చేయడం చాలాకాలం సాగింది.

కరెంటు వైద్యం సంగతీ తేలలేదు. 2007లో కెనడా వైద్యుడు కృష్ణ కుమార్ బృందం వంద మందిపై చేసిన పరీక్షలో ఆరు నెలలకు కాలి నొప్పి సగానికి తగ్గినవారు స్టిమ్యులేటర్ పెట్టినవాళ్లలో 48 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్లలో 9 శాతం. కానీ అందులో ఎవరికి ఏ చికిత్సో రోగులకు తెలుసు. 2022లో నార్వేలో 50 మందికి, కరెంటు వెళ్తున్నదీ లేనిదీ తెలియని పద్ధతిలో, మూడు నెలల చొప్పున ఆన్, ఆఫ్ చేస్తూ చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఒక్క పరీక్షతో అన్ని యంత్రాలనూ తీసిపారేయలేం. నమ్మి ఖర్చుపెట్టే ముందు మాత్రం ఆలోచించాల్సిందే.

ఆపరేషన్ తర్వాత కాలు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. అలాంటివి లేక నొప్పి మాత్రమే ఉంటే, రెండో ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు డాక్టరును అడగండి: ఇప్పుడు ఏ నరం, ఎక్కడ నొక్కుకుంటోంది? నా నొప్పికీ స్కాన్‌లో కనిపించేదానికీ పొంతన ఉందా? సూటిగా జవాబు రాకపోతే మరో డాక్టరుకు చూపించండి.