పెరటి పుంజు: కర్నూలు, కడప మెట్టసీమలో కోళ్ళ పెంపకం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు సాంస్కృతిక చరిత్రలో కోడిపుంజు ప్రధానంగా పందెపు పక్షిగానే నమోదైంది. ఇంటి పెరట్లో ఎదిగే లేత పుంజులను మందలో ఇముడ్చుకొనే జ్ఞానం చరిత్ర రచనలో తగినంత చోటు పొందలేదు. కర్నూలు (నేటి నంద్యాలతో కలిపి), కడప ప్రాంతాల నేపథ్యంలో ఈ లోటును గుర్తించి, పందెపు పెంపకానికీ పెరటి పెంపకానికీ గల భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: పెరటికోడి, పుంజు, అసీల్, రాయలసీమ, స్త్రీల జ్ఞానం, వనరాజా.

1. ఉపోద్ఘాతం:
కోడిపుంజు అనగానే మనకు ముందుగా స్ఫురించేది పందెపు బరి. ఆ బరి చుట్టూ కావ్యాలు, శాస్త్రాలు, చట్టాలు పుట్టాయి. అయితే బరికి వెళ్ళే పుంజు ఒకటైతే, ఏనాడూ వెళ్ళని పుంజులు వందలు. పెంటదిబ్బ మీద గింజలేరుకొని, గంప కింద నిద్రించి, జాతరకో చుట్టాల రాకకో ఖర్చయ్యే ఈ పుంజుల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? దాన్ని నడిపినవారు ఎవరు? ఈ ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. లిఖిత ఆధారాలలో పుంజు:
వాత్స్యాయనుని కామసూత్రాలు పేర్కొన్న అరవైనాలుగు కళలలో పొట్టేలు, కోడి, లావుకపిట్టల పోరు ఒకటి. దండి దశకుమారచరితంలో ప్రమతి కథలో కోడిపందెం, కోళ్ళ జాతుల ప్రస్తావన ఉన్నాయి. 13వ శతాబ్దిలో కేతన ఆ కావ్యాన్ని తెలిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. ఓరుగల్లు నగర జీవనాన్ని వర్ణించిన క్రీడాభిరామంలోనూ కోడిపందెం ఉంది. 12వ శతాబ్ది పలనాటి యుద్ధగాథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు పక్షాల కోడిపోరు ఒక రాజకుటుంబపు ప్రవాసానికే కారణమైంది. తమిళనాడులో విలుప్పురం జిల్లా అరసలాపురంలో క్రీ.శ. 5వ శతాబ్ది నాటిదిగా భావిస్తున్న వీరగల్లు పోరాడిన ఒక పుంజు స్మృతికి నిలిపినది. తెలుగులో ప్రచారంలో ఉన్న కుక్కుటశాస్త్ర గ్రంథాలు కాకి, డేగ, నెమలి వంటి పేర్లతో ఈకల రంగును బట్టి పుంజులను విభజించి, పక్షాన్నీ వేళనూ అనుసరించి జయాపజయాలు చెబుతాయి.

ఈ ఆధారాలన్నింటా ఒక సామ్యం కనిపిస్తుంది. పుంజు పూర్తిగా ఎదిగిన తరువాతనే అందులో ప్రవేశిస్తుంది. దాన్ని పొదిగించినవారు, గద్ద నుండి కాచినవారు, తోటి పిల్లలతో సఖ్యంగా మెలిగేట్టు చూసినవారు కానరారు. వలస పాలన కాలపు పత్రాల దృష్టి మరొక వైపు ఉంది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత మన్రో సాగించిన రైతువారీ పైమాయిషీకి భూమి, నీరు, పంట ముఖ్యం. పెరటి కోడికి శిస్తు లేదు కనుక ఆ లెక్కలలో దాని ప్రసక్తికి అవసరమూ తక్కువే.

మౌఖిక సంప్రదాయం మాత్రం ఈ లోటును కొంత పూరిస్తుంది. ‘నా కోడీ నా కుంపటీ లేకుంటే ఊరికి తెల్లవారదు’ అనుకొన్న అవ్వ కథ తెలుగువారందరికీ తెలిసినదే. కథ అవ్వను పరిహసించినా, తెలియకుండానే ఒక చారిత్రక సాక్ష్యాన్ని మిగిల్చింది. అందులో పుంజు యజమాని పందెగాడు కాదు, ఒక ముసలి స్త్రీ. పుంజు ఉన్నది బరిలో కాదు, కుంపటి పక్కన.

3. మెట్టసీమ ఆర్థికంలో కోడి:
వానలపై ఆధారపడిన జొన్న, కొర్ర, సజ్జ సేద్యం ఈ సీమ లక్షణం. 1876–78 నాటి మహాక్షామం కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా పీడించింది. కరువులో ఎద్దుకు గ్రాసం కొనాలి. కోడి మాత్రం కళ్ళంలో రాలిన గింజ, దిబ్బలోని పురుగు, ఇంటి నూకలతో బతుకుతుంది. ఉప్పుకో మందుకో నాలుగు డబ్బులు కావలసినప్పుడు సంతకు చేరేది కోడే. ఆ డబ్బు సాధారణంగా ఇంటి ఆడవారి చేతిలో ఉంటుంది. కాబట్టి పుంజుల అదుపు వినోద విషయం కాదు. అది పేదింటి స్త్రీ ఆస్తి నిర్వహణ.

4. లేత పుంజుల నడవడి – పెరటి పద్ధతి:
పొదుగుకు వచ్చిన పెట్ట కింద పది పన్నెండు గుడ్లు పెడితే ఇరవై ఒక్క దినాలకు పిల్లలవుతాయి. వాటిలో సుమారు సగం పుంజులే. మందకు ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. తక్కినవాటిని ఏం చేయాలన్నదే పెరటి పెంపకంలో అసలు చిక్కు. లేత పుంజులు కొద్ది వారాల వయసులోనే మెడ ఈకలు నిక్కించి ఎదురెదురు నిలుస్తాయి. అది ఆటపోరు. కూత పట్టి, తురాయి ఎర్రబడిన తరువాత అదే పోరు నిజమవుతుంది, పెట్టలను తరిమి తొక్కడం మొదలవుతుంది.

దీనికి పెరటి జ్ఞానం చెప్పే ఉపాయాలు సరళమైనవి: మందలో ఒక ముదురు పుంజును నిలపడం, పోరు ముదిరిన పుంజును గంప కింద మూయడం లేదా కాలికి తాడు కట్టడం, కొత్త కోడిని చీకటిపడ్డాకనే గూటిలో చేర్చడం, మనుషుల మీదికి ఎగిరే పుంజును విత్తనానికి ఉంచకపోవడం, మిగులు పుంజులను జాతర, మొక్కుబడి, సంతల వరుసలో తీసివేయడం. చివరి రెండు ఉపాయాలలో ఎంపిక ఇమిడి ఉంది. ఏ పుంజును కోయాలో నిర్ణయించే చేయి తరువాతి తరం మంద స్వభావాన్నీ నిర్ణయిస్తుంది.

ఆధునిక శాస్త్రం ఈ అనుభవాన్ని మరొక పరిభాషలో చెప్పింది. నార్వే దేశీయుడు ష్యెల్డెరుప్-ఎబ్బె చిన్ననాటి నుండి కోళ్ళను గమనించి, మందలో ఏది దేనిని పొడవవచ్చునో నిర్ణయించే ‘పొడుపు వరుస’ ఉందని 1921లో ప్రతిపాదించాడు. పుంజులకూ పెట్టలకూ ఈ వరుసలు వేరువేరు. వరుస స్థిరపడితే పోరు తగ్గుతుంది, కొత్త కోడి రాకతోనో పెద్ద పుంజు తొలగింపుతోనో కలత రేగుతుంది. వేకువ కూతలోనూ ఈ వరుస ఉందని, పై స్థానపు పుంజే మొదట కూస్తుందని 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ముదురు పుంజును మందలో నిలపడం వెనుక ఉన్న తర్కం ఇదే.

పందెపు పెంపకం దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ పుంజును మంద నుండి వేరు చేసి, ఒంటిగా కట్టి, మరో పుంజు కనబడగానే తలపడేట్టు సాకుతారు. ఒంటరితనం దాని ఆగ్రహానికి పదునుపెడుతుంది. పెరడు వరుసను నేర్పుతుంది, బరి వరుసను చెరుపుతుంది. అసీల్ రక్తమే రెండుచోట్లా ఉన్నా, పెంపకమే పక్షిని రెండు విధాలుగా తీర్చుతున్నది.

5. ఆధునిక కాలపు మార్పులు:
20వ శతాబ్దిలో పెరటి కోడిని మూడు శక్తులు తాకాయి. మొదటిది వ్యాధి. 1920ల చివర కుమావూఁ ప్రాంతపు రాణీఖేత్‌లో గుర్తించబడి ఆ పేరుతోనే నిలిచిన రోగాన్ని మనవారు కొక్కెర తెగులు అంటారు. ఒక్క విడతలో మందనంతా ఊడ్చగల ఈ తెగులుకు టీకా ఉన్నా, పది కోళ్ళున్న పెరటికి అది సకాలంలో చేరడమే కష్టం.

రెండవది చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం, 2016 డిసెంబరు నాటి ఉమ్మడి హైకోర్టు ఆదేశాలు పందేన్ని నేరంగానే చూశాయి. ఇది సముచితమే. కాని ప్రభుత్వ పత్రాలలోనూ పుంజు మళ్ళీ బరి ద్వారానే ప్రవేశించింది.

మూడవది మెరుగుపరచిన జాతులు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. నాటుకోడి కన్న ఇవి ఎక్కువ గుడ్లు పెడతాయి, త్వరగా బరువెక్కుతాయి. అయితే ఇవి సాధారణంగా పొదగవు. తొలి వారాలలో పిల్లలకు వెచ్చదనాన్ని దీపంతోనో వేరే నర్సరీలోనో సమకూర్చాలి. కనుక తల్లి వెంట తిరిగి మేతనూ గద్ద నీడనూ గుర్తించడం నేర్చే అవకాశం ఆ పిల్లలకు తగ్గుతుంది. ప్రతి విడతకూ పిల్లలను బయటినుండి కొనవలసిరావడంతో ఏ పుంజును విత్తనానికి ఉంచాలన్న నిర్ణయమూ ఇంటి స్త్రీ చేతి నుండి జారిపోతుంది.

6. ముగింపు:
2019 పశుగణన ప్రకారం దేశంలోని పెరటి కోళ్ళు సుమారు 31.7 కోట్లు, అంతకు ముందటి గణన కన్న దాదాపు 46 శాతం అధికం. కాబట్టి పెరడు గతించిన విషయం కాదు. సంఖ్య పెరిగినా, విత్తనపు పుంజును ఎంచే జ్ఞానం నిలిచిందా అన్నది గణన చెప్పలేదు. కర్నూలు, కడప గ్రామాలలో పెద్ద వయసు స్త్రీల నుండి పొదిగింపు, పుంజుల ఎంపిక, మంద అదుపులకు సంబంధించిన మాటలను, పద్ధతులను క్షేత్రపర్యటనల ద్వారా సేకరించడం తక్షణ కర్తవ్యం. కావ్యమూ రెవెన్యూ లెక్కా చెప్పని చరిత్రకు వారే మూలాధారం. ఆ సేకరణ జరిగినప్పుడే తెలుగువారి కోడి చరిత్రకు బరితోపాటు పెరడు కూడా చేరుతుంది.