కూత నుంచి గడియారం దాకా: కబడ్డీలో తీర్పు విధానం, ఆటతీరు

ఆటల చరిత్ర అనగానే విజేతల పేర్లు, పతకాల పట్టికలు గుర్తుకొస్తాయి. ఈ వ్యాసంలో వాటిని పక్కన పెట్టి, ఈల పట్టుకున్న మనిషిని గమనిద్దాం. అంపైర్ దేనిని లెక్కలోకి తీసుకుంటాడో ఆటగాడు దానికే సాధన చేస్తాడు. దీనికి కబడ్డీ మనకు దగ్గరి ఉదాహరణ.

మన పల్లెల్లో చెడుగుడు అన్నా, మహారాష్ట్రలో హుతుతు అన్నా ఇది మొదట ఒకే ఆట కాదు, ఒక ఆటల కుటుంబం. సంజీవని పద్ధతిలో అవుటైనవాడు తిరిగి బతుకుతాడు. గామినిలో బతకడు. అమర్‌లో అసలు బరి వదలనే వదలడు. 1920ల్లో మహారాష్ట్రలో నియమాలు రాతలోకి వచ్చాయి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆట అయింది. నేటి కబడ్డీకి ఆధారం సంజీవని పద్ధతే.

ఈ పద్ధతులన్నిటికీ ప్రాణం కూత. కూతకు వెళ్లినవాడు ఒక్క దమ్ములోనే అవతలివాణ్ణి తాకి తిరిగి రావాలి. దమ్ము ఎప్పుడు తెగిందో చెప్పేది గడియారం కాదు, అంపైర్ చెవి.

1970ల చివర్లో వన్ టౌన్‌లో కళాశాల విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ చెవి ఎంత విలువైనదో చూశాను. మా జట్టులో ఒక సన్నని కుర్రాడు ఉండేవాడు. బలం తక్కువ, దమ్ము ఎక్కువ. మధ్యగీత దగ్గరే అటూ ఇటూ తిరుగుతూ ఎదుటివాళ్ల ఓపికను కరిగించేవాడు. దమ్ము అయిపోతోందని వాళ్లు ఒక అడుగు సడలించినప్పుడు తాకి వచ్చేసేవాడు. ఒక సాయంత్రం సరిగ్గా అదే క్షణంలో హార్బర్‌లో ఓడ కూసింది. కూత వినపడలేదని అంపైర్ అవుట్ ఇచ్చాడు. ఓడ కూతకు మావాడు అవుటేమిటని మేము గొడవపడ్డాం, ఓడిపోయాం. నిజానికి అంపైర్ తప్పేమీ లేదు. ఆయన దగ్గర ఉన్న కొలమానం అదొక్కటే. పట్టు పట్టేవాళ్లకూ అదే ఆధారం. రైడర్‌ను పూర్తిగా పడగొట్టనక్కరలేదు, దమ్ము తెగేదాకా వదలకుండా ఉంటే చాలు. అందుకే గొలుసుగా చేతులు పట్టుకుని చుట్టుముట్టడానికి అంత ప్రాధాన్యం.

2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. తెలుగు టైటాన్స్ తొలి సీజన్‌లో విశాఖనే సొంత గడ్డగా చేసుకుంది. ఈ లీగ్‌లో ఒక్కో రైడ్‌కు 30 సెకన్ల గడువు. కూత నియమం పుస్తకంలో ఉంది, రైడర్ నోట కూడా ఉంది. కానీ ప్రేక్షకుడి కళ్లు, ఆటగాడి లెక్క రెండూ గడియారం మీదికి మళ్లాయి. మా సన్నని కుర్రాడి విద్యకు గిరాకీ తగ్గింది. ఒక్క దూకుతో బోనస్ గీత దాటగల కాలు, పట్టు విడిపించుకునే నడుము విలువైనవయ్యాయి.

ఇంకా ఆసక్తికరమైనది డూ ఆర్ డై రైడ్. ఒక జట్టు వరుసగా రెండు రైడ్‌లలో పాయింట్ లేకుండా వస్తే, మూడో రైడ్‌లో పాయింట్ తేవాలి, లేదా రైడర్ అవుట్. నిస్సారమైన ఆటను ఆపడానికి ఈ నియమం. జరిగింది ఏమిటి? చాలా జట్లు మొదటి రెండు రైడ్‌లను కావాలనే ఖాళీగా ముగించడం నేర్చుకున్నాయి. రక్షణ జట్టూ ఆ రెండింటినీ పోనిచ్చి మూడోదాని కోసం కాచుకుంటుంది. మూడో రైడ్ కోసమే ప్రత్యేకంగా ఒక ఆటగాణ్ణి ఉంచుకునే అలవాటు వచ్చింది. నియమం నిస్సారతను తొలగించలేదు, దానికి ఒక కోటా ఇచ్చిందని నా అభిప్రాయం. సూపర్ టాకిల్ ఇందుకు భిన్నం. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పట్టు పడితే రెండు పాయింట్లు కాబట్టి, ఓడిపోతున్న జట్టుకే తెగువ పెరిగింది.

అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే కథ. 1950 నవంబరులో ఒక ఎన్‌బీఏ పోటీ 19-18తో ముగిసింది. ముందంజలో ఉన్న జట్టు బంతిని దాచుకుంటే ఆపే నియమం లేదు. 1954లో 24 సెకన్ల గడువు వచ్చింది. కళాశాల ఆట మాత్రం 1985-86 దాకా ఆగి, 45 సెకన్లతో మొదలుపెట్టి, తరవాత 35కు, 2015లో 30కి దిగింది. 1967లో కళాశాల ఆటలో బంతిని వలలోకి కుక్కడాన్ని నిషేధించారు. అప్పటి పొడగరి లూ ఆల్సిండర్, అంటే తరవాతి కరీం అబ్దుల్ జబ్బార్, తన హుక్ షాట్‌కు మరింత పదును పెట్టుకున్నాడు. 1976లో నిషేధం ఎత్తేసేసరికి ఆ షాట్ ఆయన ముద్ర అయిపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కబడ్డీలో మార్పులన్నిటినీ తీర్పు ఖాతాలో వేయకండి. మట్టి బరి పోయి మ్యాట్ వచ్చింది, ఒట్టి కాళ్లు పోయి బూట్లు వచ్చాయి. మట్టిలో జారే పాదం మ్యాట్ మీద పట్టు దొరికించుకుంటుంది. ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చాలంటే నియమావళి ఒక్కటే చాలదు. పాత స్కోరు పత్రాలు చూడాలి, ఆడినవారిని అడగాలి. మీ ఊళ్లో యాభై దాటిన చెడుగుడు ఆటగాణ్ణి వెతికి, ఆయన కాలంలో అంపైర్ ఎక్కడ నిలబడేవాడో ముందు అడగండి. మా రోజుల్లో రైడర్ భుజం పక్కనే, చెవి అటు వంచి, గీత వెంట పరుగెత్తేవాడు.