‘నైస్’: ఒక ఆంగ్ల పదం అర్థపరిణామం

ఆంగ్లంలో నేడు మెచ్చుకోలుగా వాడే ‘నైస్’కు మూలం ‘తెలియనివాడు’ అనే అర్థమున్న లాటిన్ ‘నెస్కియుస్’. ప్రాచీన ఫ్రెంచి ద్వారా సుమారు 1300 నాటికి ఆంగ్లంలో చేరినప్పుడు అది మూర్ఖుణ్ణి సూచించింది. తరువాత విలాసి, బిడియస్తుడు, అతిసున్నితుడు, నిశితమైనది అనే అర్థాలు ఒకదానిపై ఒకటి పేరుకొన్నాయి. వాటిని వరుసలో పెట్టబూనడం వృథాశ్రమ. ‘ఇంపైనది’ అనే అర్థం 18వ శతాబ్దిలో స్థిరపడింది. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ అబ్బే’లో హెన్రీ టిల్నీ ఈ పదాన్ని అన్నిటికీ వాడడాన్ని పరిహసిస్తాడు. ‘నిశితం’ అనే పాత అర్థం ‘నైస్ డిస్టింక్షన్’ వంటి పదబంధాలలో నేటికీ నిలిచివుంది. కాబట్టి 17వ శతాబ్ది ఆంగ్ల పత్రాలలో ఒకరిని ‘నైస్’ అన్నచోట నేటి అర్థంతో అనువదిస్తే ఆ వ్యక్తి స్వభావమే తారుమారు కావచ్చు. తెలుగు పరిశోధకులకు ఈ చిక్కు కొత్తది కాదు: ధర్మశాస్త్రాలలో ‘సాహసం’ బలప్రయోగంతో చేసే నేరం.