చాలు అని చెప్పే యంత్రం

కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరు మీద ఫ్యాను రెండు గంటలో మూడు గంటలో తిరిగి, ఒక దశలో ఆగిపోతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుంటాం. నిజానికి అయిపోలేదు. అందులో ఇంకా కొంత మిగిలే ఉంది. మిగిలినది మనకివ్వకూడదని లోపల ఎవరో నిర్ణయించారు. ఇప్పటి ఇన్వర్టర్లలో ఈ నిర్ణయం చాలామటుకు ఒక చిప్పు తీసుకుంటుంది. సోలార్ ప్యానెల్ పెట్టుకుని సొంతంగా వైరింగ్ చేసుకునేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఈ పని ఒక రిలేకి అప్పజెబుతారు. అగ్గిపెట్టెంత కూడా ఉండదు. లోపల ఒక తీగచుట్ట, ఒక ఇనపరేకు, ఒక స్ప్రింగు. కానీ దాని చరిత్ర మాత్రం చిన్నది కాదు.

1835 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జోసెఫ్ హెన్రీ విద్యార్థులకు ఒక ప్రయోగం చూపించేవాడు. పెద్ద విద్యుదయస్కాంతం ఒకటి బోలెడు బరువుని పట్టుకుని ఉంటుంది. ఎక్కడో దూరం నుంచి పొడవాటి తీగలో సన్నటి కరెంటు వస్తుంది. అది ఒక చిన్న అయస్కాంతాన్ని కదిపితే, పెద్దదాని సర్క్యూట్ తెగి బరువు ధడాలున కిందపడుతుంది. బలహీనమైనది బలమైనదాన్ని శాసించడం: రిలే అంటే మొత్తం ఇంతే. 1838లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ డేవీ ఇలాంటి ఏర్పాటుకే పేటెంట్ తీసుకున్నాడు. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్‌ల మధ్య మోర్స్ టెలిగ్రాఫ్ మొదలయ్యాక రిలే లోకానికి అవసరమైపోయింది. దూరం వెళ్ళేకొద్దీ కరెంటు నీరసిస్తుంది. అందుకని మధ్యమధ్య రిలే పెట్టి, అక్కడి కొత్త బ్యాటరీతో అదే సంకేతాన్ని ముందుకి తోసేవారు.

పేరు కూడా అక్కడిదే. అలసిన గుర్రాన్ని వదిలి కొత్త గుర్రం ఎక్కే మజిలీలని రిలే అనేవారు. మన దగ్గర డాక్ అన్న మాటకీ మొదట్లో ఉన్న అర్థం ఇదే: మజిలీ మజిలీకీ మనిషినో గుర్రాన్నో మార్చుకుంటూ పోయే ప్రయాణం. 1839లోనే కలకత్తాలో విలియం ఓషానెస్సీ మైళ్ళకొద్దీ తీగ కట్టి టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేశాడు. 1850లలో ఆ తీగలు దేశమంతా పాకాయి. తపాలా రన్నరు పరిగెత్తిన దారుల పక్కనే రిలే కూడా పరుగు మొదలుపెట్టింది.

ఇంతవరకూ రిలే పని అందించడం. ఆపడం దాని చేత చేయించినవాటిలో డైనమో ఒకటి. పాతకాలపు కార్లలో ఇంజను తిరిగితే డైనమో బ్యాటరీని నింపేది. ఇంజను నెమ్మదిస్తే డైనమో వోల్టేజి బ్యాటరీ కన్నా తగ్గుతుంది. అప్పుడు కరెంటు వెనక్కి ప్రవహించి, నింపాల్సిందే ఖాళీ చేసే పరిస్థితి. దాన్ని అడ్డుకోడానికి పెట్టిన రిలేని కటౌట్ అన్నారు. సినిమా హాళ్ళ ముందు కటౌట్లు లేవకముందే మోటారు మెకానిక్కులకి ఈ మాట తెలుసు.

ఈ కథలో మిగతా పాత్రలు రెండు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంతే సీసం పలకలతో, పలచటి ఆసిడ్‌తో మళ్ళీ నింపుకోగల బ్యాటరీ చేశాడు. ఇవాళ మన ఇళ్ళలో బాల్కనీ మూలన కూర్చున్నది దాని మనవడే. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ ఎప్పట్నుంచో ఉంది. దాన్ని తిరగేసి, డీసీని ఏసీ చేసే పద్ధతికి 1925లో డేవిడ్ ప్రిన్స్ అనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు తన వ్యాసంలో 'ఇన్వర్టర్' అన్న పేరు వాడాడు. అంటే ఇన్వర్టరు అర్థం తలకిందులైనది అనే.

ఇప్పుడు అసలు చిక్కు. నిండుగా ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు దాదాపు 12.7 వోల్టులు చూపిస్తుంది. వాడుతూ ఉండగా 10.5కి దిగితే ఖాళీ అయినట్టే లెక్క. ఖాళీ అవుతున్నకొద్దీ రెండు పలకల మీదా సీసం సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే కరిగి వెనక్కి వెళ్తుంది. అలాగే వదిలేస్తే గట్టిపడి, పెద్ద స్ఫటికాలై, ఇక కరగదు. బ్యాటరీ చచ్చిపోయేది ఎక్కువగా ఇలాగే. కాబట్టి 10.8 దగ్గరో 11 దగ్గరో ఆపాలి.

రిలే చుట్టని తిన్నగా బ్యాటరీకి తగిలిస్తే ఈ పని జరగదు. పన్నెండు వోల్టుల రిలే ఒకసారి పట్టుకున్నాక ఒకటి రెండు వోల్టులకి పడిపోయేదాకా వదలకపోవచ్చు. పట్టు దాని గుణం, లెక్క కాదు. అందుకే ముందు ఒక కంపారేటర్ పెడతారు. బ్యాటరీ వోల్టేజిలో కొంత భాగాన్ని అది జీనర్ డయోడ్ ఇచ్చే స్థిరమైన వోల్టేజితో పోల్చి, ఒక ట్రాన్సిస్టర్ ద్వారా రిలేని నడుపుతుంది. రిలే చుట్టకి అడ్డంగా తిరగేసి ఒక డయోడ్ ఉండాలి, లేకపోతే చుట్ట ఆగినప్పుడు కొట్టే దెబ్బకి ట్రాన్సిస్టర్ పోతుంది. ఇన్వర్టరు బ్యాటరీ నుంచి 50, 60 ఆంపియర్లు లాగుతుంది. చిన్న రిలేని ఆ లావుపాటి కేబుల్లో పెడితే కాంటాక్టులు అతుక్కుపోతాయి. కాబట్టి ఇన్వర్టరు స్విచ్చికి పోయే సన్నటి తీగలో పెడతారు. హెన్రీ పాఠమే మళ్ళీ: సన్నది లావుదాన్ని ఆపుతుంది.

ఇంకో తమాషా ఉంది. లోడు తీసేయగానే అలసిన బ్యాటరీ కాస్త తేరుకుంటుంది, వోల్టేజి దానంతటదే పెరుగుతుంది. రిలే మోసపోయి మళ్ళీ ఆన్ అవుతుంది. వోల్టేజి మళ్ళీ పడిపోతుంది. టకటకటకా రాత్రంతా. మందు ఏమిటంటే ఆపే అంకె, మొదలెట్టే అంకె వేరుగా ఉంచడం: 10.8 దగ్గర ఆపు, 12.5 దాటితే గానీ మొదలెట్టకు. ఇలా రెండు గడపలున్న సర్క్యూట్‌ని 1930లలో ఓటో ష్మిట్ అనే విద్యార్థి తయారుచేశాడు. అతను చదువుతున్నది స్క్విడ్ అనే సముద్రజీవి నరాల గురించి. నరం కూడా ఊగిసలాడదు, అయితే స్పందిస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది.

ఇంటి పెట్టె సంగతి ఇంతే. ఊళ్ళకీ రాష్ట్రాలకీ కరెంటు పంచే గ్రిడ్‌లోనూ ఇదే మనస్తత్వంతో వేల రిలేలు కాపలా ఉంటాయి. 1965 నవంబరు 9 సాయంత్రం నయాగరా దగ్గర కెనడా వైపున్న కేంద్రంలో ఒక రిలే లైను తెంపేసింది. దాని అంకె 1963లో పెట్టింది. ఈలోగా లైను మీద లోడు పెరిగింది, అంకె పెరగలేదు. రిలే తప్పు చెయ్యలేదు, చెప్పినట్టే చేసింది. న్యూయార్క్ సహా 3 కోట్ల మంది చీకట్లో పడ్డారు.

2012 జులై 30, 31 తేదీల్లో మన ఉత్తరాదిన కథ ఇంకోలా నడిచింది. బీనా-గ్వాలియర్ లైను మీద భారం మితిమీరింది, రిలే లైను తెంపింది, గ్రిడ్ కూలింది. మర్నాడు మళ్ళీ కూలింది. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం. ఫ్రీక్వెన్సీ 50 నుంచి బాగా దిగినప్పుడు కొన్ని ఫీడర్లని వెంటనే తెంచి మిగతావాటిని కాపాడే రిలేలు రాష్ట్రాల దగ్గర ఉండాలి. అవి ఇవ్వాల్సినంత ఊరట ఇవ్వలేదని విచారణ సంఘం తేల్చింది. కొన్ని రాష్ట్రాలు వాటాకి మించి లాగుతుంటే 'చాలు' అనాల్సినవాళ్ళు అనలేదు. దక్షిణాది గ్రిడ్‌కి అప్పటికి ఉత్తరాదితో ఏసీ లంకె లేదు, కాబట్టి బయటపడింది. ఆ లంకె 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో కుదిరింది.

అలాగని 2012లో మనం వెలుగుల్లో ఉన్నామని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు, ఊళ్ళలో గంటలకొద్దీ కోతలు. కోత అంటే కూడా 'చాలు' అనడమే. కాకపోతే అది అందరికీ ఒకేసారి వినపడదు. ముందు పల్లెకి, తర్వాత పట్నానికి, చివరికి రాజధానికి. కొనగలిగినవాళ్ళు ఇన్వర్టరు కొనుక్కున్నారు. ఆ ఇన్వర్టరు కరెంటు వచ్చిన గంటలో, తను ఇచ్చిన దానికన్నా ఎక్కువే గ్రిడ్ నుంచి లాగుతుంది. చార్జింగ్‌లో కొంత, మార్పిడిలో కొంత వేడిగా పోతుంది కదా. నా ఫ్యాను తిరిగినందుకు ఎక్కడో ఇంకో ఫీడరు మీద భారం పెరుగుతుంది.

రిలేకి జాలి లేదు, పక్షపాతమూ లేదు. ఎవరో చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక అంకె తిప్పి పెడతారు, అది ఆ అంకెని నమ్ముకుని బతుకుతుంది. న్యాయం, అన్యాయం రెండూ ఆ స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతిలోనే ఉంటాయి. ఇంట్లో అయితే ఆ చెయ్యి మనదే, 11 దగ్గర పెట్టుకుంటే ఇంకాసేపు ఫ్యాను వదులుకుని బ్యాటరీకి ఇంకొంత ఆయుష్షు ఇచ్చినట్టు. గ్రిడ్‌లో ఎవరి ఫీడరు ముందు తెగాలో రాసిన జాబితా మాత్రం ఎక్కడో ఒక ఆఫీసు ఫైల్లో ఉంటుంది. దాని వరసలో తమ ఊరు ఎన్నోదో చీకట్లో కూర్చున్నవాళ్ళకి ఎవరూ చెప్పరు.