ద్రాక్షపందిరిలో పిండినల్లి

చిన్న మంగళారము మొయినాబాదు మండలములోని గ్రామము. ఆ మండలమున కురిసిన వాన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరులకు చేరును. ఈ సంగతి ద్రాక్షకథలో ఎందుకు వచ్చినదో ముందు తెలియగలదు.

హైదరాబాదు ద్రాక్షకు పేరు తెచ్చినది అనాబె షాహీ. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు దానిని నగరమునకు తెచ్చిరని ప్రసిద్ధి. పొడవైన కాయ, పెద్ద గుత్తి, దట్టమైన పందిరి. తరువాత గింజలేని థాంసన్ రకము వచ్చినది. తినువారికి సుఖము హెచ్చినది. పండించువారికి చిక్కులును హెచ్చినవి.

చిగుళ్లు కొరుకు పెంకుపురుగునకు రకముల భేదము అంతగా పట్టదు. అక్టోబరు కత్తిరింపు కాగానే ఉబ్బిన మొగ్గను అది తినివేయును. ఆ కన్ను పోయిన గుత్తియే లేదు. పిండినల్లి తీరు వేరు. బెరడు సందులలో దాగి, కాయ ముదురువేళకు గుత్తిలో దూరును. థాంసను గుత్తి బిగువుగా అల్లుకొన్నచో మందు లోనికి చొరదు. అనాబె షాహీ గుత్తి వదులైనచో కొంత నయము. నల్లి విడిచిన జిగురుపై మసి పట్టును. రుచి చెడకున్నను అట్టి గుత్తిని అంగడిలో ఎవరు కొందురు? ఏడాది శ్రమ కడపటి మాసమున నేలపాలగును.

ఫ్రాన్సున ద్రాక్షతోటలు ఎండుటకు కారణము వేరుపేనని 1868లో ప్లాంకన్ మొదలగువారు కనుగొనిరి. అమెరికా వేరుపై అంటుకట్టి తోటలను నిలిపిరి. పిండినల్లి కాండమును, గుత్తిని పట్టునది గనుక ఆ ఉపాయము ఇచట చాలదు.

రైతు మందుడబ్బా పట్టుట సహజమే. ఒకప్పుడు చేలలో విరివిగా చల్లిన బి.హెచ్.సి.ని 1997లో మన దేశమున నిషేధించిరి. తినెడి పండుపైనను, నగరము త్రాగెడి నీటి ఎగువనను విషము చల్లుట మాకు ఎన్నడును రుచింపలేదు. ఆస్ట్రేలియా అక్షింతల పురుగును 1898లో కాఫీతోటలకై ఈ దేశమునకు తెచ్చిరి. అచట అది పనికిరాలేదు గాని, ద్రాక్షతోటలో పిండినల్లిని ఆరగించి మెప్పు పొందినది. అయితే మందు చల్లినచో మొదట చచ్చునది అదియే! చీమలను కూడ అరికట్టవలెను. జిగురుకై అవి నల్లిని కాపాడును.

నగరము చుట్టును ద్రాక్షపందిళ్లు తరిగిపోయినవి. నేల ధర పెరిగినది, బావులలో నీరు అడుగంటినది. నేరమంతయు పురుగుదేయని మేము అనజాలము. మిగిలిన తోటలో కత్తిరింపు కాగానే వదులు బెరడును ఒలిచి కాల్చుట నేటికిని మంచి పనియే.