టికెట్లు తెగని రోజుల్లో మెయిడెన్

ఆ మొద్దు ఇంకాస్త లోపలికి నెట్టరా చిన్నోడా, చెబుతాను. హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ టికెట్లు దొరకలేదని ఇందాక మీ నాన్న గొణుక్కున్నాడు కదా, అప్పట్నుంచీ నా మనసులో అదే తిరుగుతోంది. ఆ బ్యాండుకే టికెట్లు తెగని రోజులున్నాయి. నేను కళ్లారా చూశాను.

అంతకుముందు వాళ్ల దర్జాయే వేరు. 1985లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ ఎరీనాలో వరసగా 4 రాత్రులు వాయించారు. లైవ్ ఆఫ్టర్ డెత్ ఆల్బంలో చాలా భాగం అక్కడ రికార్డు చేసిందే. వరంగల్ హాస్టల్లో ఆ ఒక్క క్యాసెట్టూ చేతులు మారి మారి అరిగిపోయేదాకా విన్నాం. తర్వాత గాలి మారింది. సియాటిల్ కుర్రాళ్లు గళ్ల చొక్కాలేసుకుని కొత్త పాట ఎత్తుకున్నారు. 1991లో నిర్వాణా వాళ్ల నెవర్‌మైండ్ వచ్చాక అమెరికాలో రేడియోలు, టీవీలు హెవీ మెటల్‌ని పక్కన పెట్టేశాయి. ఆ దెబ్బ చాలదన్నట్టు 1993లో గాయకుడు బ్రూస్ డికిన్సన్ మానేశాడు. మరుసటేడు అతని స్థానంలో బ్లేజ్ బేలీ వచ్చాడు.

1996లో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం. ద ఎక్స్ ఫ్యాక్టర్ ఆల్బం టూరు అమెరికాకొచ్చింది. ఎరీనాల్లో వాయించినవాళ్లు క్లబ్బుల్లోకి దిగారు. ఎందుకంటే, టికెట్లు తెగినా తెగకపోయినా లారీల బాడుగ, లైట్లవాళ్ల కూలి, హోటళ్ల ఖర్చు ఆగవు. పెద్ద హాలు తీసుకుని, సగమే నిండితే, షో పెట్టినవాడు మునుగుతాడు. మళ్లీ పిలవడు. అంచేత చిన్న హాలు. నేను వెళ్లిన రాత్రి ఆ చిన్న హాల్లోనే వెనకంతా బోసిగా ఉంది. గుమ్మం దగ్గర అప్పటికప్పుడు టికెట్ కొనుక్కుని లోపలికెళ్లాను.

స్టేజీ ఎంత ఇరుకంటే నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్ములే సగం మింగేశాయి. బేస్ వాయించే స్టీవ్ హ్యారిస్ నాకు నాలుగడుగుల్లో ఉన్నాడు. అతని గిటార్ మీద వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టు గుర్తు స్పష్టంగా కనబడుతోంది. ముందున్న స్పీకర్ మీద కాలేసి, గిటార్ మా వైపు గురిపెట్టి, ప్రతి పాటలో ప్రతి మాటకీ పెదాలు కదుపుతున్నాడు. ఉన్నది కొద్దిమందిమే. లాంగ్ బీచ్‌లో వేలమందికి ఏం వాయించాడో మాకూ అదే వాయించాడు, ఒక్క స్వరం తగ్గించకుండా. ఆ మనిషంటే నాకు గౌరవం పెరిగింది ఆ రాత్రే.

జనం మాత్రం నెపమంతా బ్లేజ్ మీద వేశారు. అది అన్యాయం. బ్రూస్‌ది తారస్థాయి గొంతు, ఇతనిది మంద్రం. అయినా పాత పాటల శ్రుతి తగ్గించలేదు. పైశ్రుతి కృష్ణుడి పద్యాలన్నీ కిందిశ్రుతి నటుడి నెత్తిన పెట్టి, హార్మోనియం మెట్టు మార్చకపోతే ఎవరు మాత్రం పాడగలరు? గొంతు పట్టేసి ఆ టూరులో కొన్ని షోలు రద్దయ్యాయి కూడా. ఇంగ్లండులో ద ఎక్స్ ఫ్యాక్టర్ 8వ స్థానంలో ఆగింది, 1998లో వచ్చిన వర్చువల్ ఎలెవన్ 16కు పడిపోయింది. కానీ అతని కాలంలో కట్టిన సైన్ ఆఫ్ ద క్రాస్ ఉంది చూడండి, 11 నిమిషాల పాట. అతను అది ఎత్తుకుంటే హాలు సగం ఖాళీ అన్న సంగతే గుర్తులేదు మాకు.

1999లో బ్రూస్ తిరిగొచ్చాడు, ఏనాడో వెళ్లిపోయిన గిటారిస్టు అడ్రియన్ స్మిత్ కూడా వచ్చాడు. 2000 ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ హౌస్‌ఫుల్. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే మీ నాన్న స్నేహితులతో హైదరాబాద్‌లో రైలెక్కి పోయాడు. తిరిగొచ్చాక చాలా రోజులు గొంతు పెగల్లేదు వాడికి.

నాకు మాత్రం 2001 జనవరిలో రియోలో జరిగిన వాళ్ల కచేరీయే గొప్ప. రెండున్నర లక్షల మంది. అంత జనం ముందు బ్రూస్ సైన్ ఆఫ్ ద క్రాస్ పాడాడు, ద క్లాన్స్‌మన్ పాడాడు. రెండూ బ్లేజ్ కాలంలో పుట్టినవే. టికెట్లు తెగని ఆ హాళ్లలో వాటిని మొదట మోసింది అతనే.

2023లో బ్లేజ్‌కి గుండెపోటొచ్చింది. ఆపరేషన్ చేయించుకుని, కోలుకుని, మళ్లీ పాడుతున్నాడు, చిన్న చిన్న హాళ్లలోనే. స్టేడియం టికెట్ దొరకలేదని మీ నాన్నని దిగులుపడొద్దనండి. బ్లేజ్ మీ ఊరి దాపులకొస్తే మిమ్మల్ని కూడా తీసుకెళ్లమనండి.